వందన సమర్పణ మాకొద్దు

మన సభల్లో చివరి అంశం వందన సమర్పణ. అది అయిన మరుక్షణం మైకు కట్టేస్తారు, కుర్చీలు మడిచేస్తారు, ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. మాట్లాడవలసింది ఇంకా వుందని ఎవరికైనా అనిపించినా, వందన సమర్పణ అయ్యాక లేచి నోరు విప్పటం మర్యాద కాదు. ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, సైన్యంలో పనిచేసి ఇంటికి తిరిగివచ్చిన మనిషి విషయంలో మన సమాజం మొదటి అంశమే వందన సమర్పణగా పెట్టుకుంది. అతను నోరు తెరవకముందే సభ ముగుస్తున్నది.

నేను 1980లో సైన్యంలో చేరి, సిగ్నల్సు దళంలో పదిహేడేళ్లు పనిచేసి, 1997లో హవల్దారుగా బయటికి వచ్చాను. మాది తుని. ఏటా జనవరి 26కూ, ఆగస్టు 15కూ, కార్గిల్ విజయ దినమని జులై 26కూ, సాయుధ దళాల పతాక దినమని డిసెంబరు 7కూ మా వూళ్లో ఏదో ఒక బడిలోనో కల్యాణ మంటపంలోనో నన్నూ నాబోటివాళ్లనూ వేదిక ఎక్కిస్తారు. కొన్నేళ్లుగా జనవరి 14 కూడా తోడయింది. 1953లో ఆ రోజున జనరల్ కరియప్ప పదవీ విరమణ చేశాడు గనక అది మాజీ సైనికుల దినం. మన వైపు అది భోగో సంక్రాంతో అవుతుంది. అల్లుళ్లు దిగిన ఇళ్లలో ఎవరికీ తీరదు కాబట్టి సభ ముందుకో వెనక్కో జరుగుతుంది. జరిగిన ప్రతి సభలోనూ ఒక పెద్దమనిషి "దేశసేవ చేసినందుకు మీకు ధన్యవాదాలు" అంటాడు. శాలువా కప్పుతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. ఫొటో తీస్తారు. ఇప్పటికి మా ఇంట్లో పద్నాలుగు శాలువాలు పోగయ్యాయి. మా ఆవిడ వాటిలో మంచివి రెండు ఏరి అల్లుడికి పెట్టింది. తక్కినవి ఎండాకాలంలో మామిడికాయలు ముగ్గవేసినప్పుడు గడ్డిమీద కప్పుతుంది. అవమానించాలని కాదు, ఇంట్లో వాటికి మరో వుపయోగం ఆమెకు కనిపించలేదు.

పిల్లల చప్పట్లమీద నాకు కోపం లేదు. శాలువా కప్పిన పెద్దమనిషి దురాలోచనతో కప్పాడనీ అనను. నేను వాదించేది మనుషుల మంచి చెడ్డలను గురించి కాదు. ధన్యవాదం అన్నది ఈ దేశంలో ఒక విధానమయిందనీ, ఇవ్వవలసింది ఇవ్వకుండా వుండటానికీ, వినవలసింది వినకుండా వుండటానికీ అది పనికివస్తున్నదనీ నా అభియోగం. ఈ అభియోగాన్ని నా అనుభవంతోనూ, అందరికీ తెలిసిన చరిత్రతోనూ రుజువు చేయటానికి ప్రయత్నిస్తాను.

అసలు మన పల్లెటూళ్లలో ఒకడు మరొకడికి ధన్యవాదాలు చెప్పుకోవటం ఎవరైనా విన్నారా? ఆపదలో ఆదుకున్నవాణ్ణి చూసి "నీ కడుపు చల్లగా" అంటారు. "నీ రుణం తీర్చుకోలేను" అంటారు. లేదా ఏమీ అనకుండా వూడ్పులనాడు వెళ్లి అతని చేలో ఒక పూట పనిచేసి వస్తారు. రుణం అన్న మాటలో లెక్క వుంది. తీసుకున్నది వుంది, తీర్చవలసింది వుంది, తీర్చకపోతే అడిగే హక్కు వుంది. ధన్యవాదంలో ఇవేవీ లేవు. చెప్పినవాడికి ఖర్చు లేదు, విన్నవాడికి ఇక అడిగే హక్కు లేదు. అప్పు తీర్చమని గుమ్మంలోకి వచ్చినవాడి మెడలో దండ వేస్తే వాడు దండతోనే వెనక్కి వెళ్లాలి. దండ వేయించుకుని కూడా డబ్బు మాట ఎత్తితే వాడే మర్యాద తెలియనివాడవుతాడు. మా స్థితి సరిగా అదే.

ఇక నా స్వంత సంగతి. 1987 జులై 29న భారత శ్రీలంక ప్రభుత్వాల మధ్య ఒడంబడిక జరిగింది. ఆ వెంటనే శాంతిసేన అనే పేరుతో మన సైన్యం ఆ ద్వీపంలో దిగింది. శాంతి నిలబెట్టటానికని వెళ్లిన సైన్యం అక్టోబరు నాటికి యుద్ధంలో పడింది. అక్టోబరు 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం ఆవరణలోకి హెలికాప్టర్లలో దింపిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జట్టులో 30 మంది వుంటే 29 మంది తెల్లవారిన తరువాత మిగలలేదు. అదే నెల 21న జాఫ్నా ఆస్పత్రిలోకి మన సైన్యం ప్రవేశించినప్పుడు రోగులూ, వైద్యులూ, నర్సులూ కలిసి అరవై డెబ్బై మంది చచ్చిపోయారు. ఈ రెండు సంగతులనూ ఒకే ఊపిరిలో చెప్పే అలవాటు మన దేశంలో లేదు. మొదటిదాన్ని చెప్పేవాళ్లు రెండోదాన్ని చెప్పరు. ఆ ద్వీపంలో తిరిగినవాళ్లకు మాత్రం అవి రెండూ ఒకే నెలలో, ఒకే పట్నంలో జరిగిన సంగతులు.

నేను ఆ రెండుచోట్లా లేను. నేను 1988లో వెళ్లాను. జబల్‌పూరులో శిక్షణ పొందే రోజుల్లో తమిళ కుర్రాళ్లతో కలిసి వుండటం చేత నాకు కొద్దిగా తమిళం వచ్చు. అందుచేత వైర్‌లెస్ సెట్టు పనితోపాటు, వూళ్లు సోదా చేసేటప్పుడు మాటలు మార్చి చెప్పే పని కూడా నామీద పడింది. ఒక వూళ్లో, దాని పేరు ఇక్కడ అనవసరం, తెల్లవారుజామున ఒక ఇంటికి వెళ్లాం. ఇంట్లో ఒక ముసలామె, ఆమె మనవడు వున్నారు. మేము ఆయుధాలకోసం బియ్యం కుండ బోర్లించాం. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, "నీది ఏ వూరు నాయనా?" అని అడిగింది. చెప్పాను. ఆంధ్రా అని చెప్పాను. తరువాత మా పైవాడు ఆ కుర్రవాణ్ణి నాలుగు ప్రశ్నలు వేశాడు. హిందీ ప్రశ్నను తమిళంలోకీ, తమిళ జవాబును హిందీలోకీ మార్చింది నేను. జవాబులు పైవాడికి నచ్చలేదు. కుర్రవాణ్ణి లారీ ఎక్కించారు. అతనేమయ్యాడో నాకు ఈనాటికీ తెలియదు. నేను తప్పుగా మార్చి చెప్పానా అన్నది కూడా తెలియదు. నా తమిళం అంత గట్టిది కాదు.

1990 ప్రారంభంలో మద్రాసు రేవులో దిగి, రైలెక్కి తుని వచ్చాను. ఆ మార్చి 24న చివరి జట్టు కూడా ద్వీపం విడిచింది. సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. మా పేటలో నేనెక్కడికి వెళ్లి వచ్చానో సగం మందికి తెలియదు. "ఎక్కడరా ఇన్నాళ్లూ? కాశ్మీరా?" అన్నారు. ఆ యుద్ధంలో గెలుపూ లేదు, కీర్తీ లేదు. అందుచేత ధన్యవాదమూ లేదు. మద్రాసులో సైన్యానికి స్వాగతం చెప్పటానికి రానని ఆనాటి తమిళనాడు ముఖ్యమంత్రి బహిరంగంగానే నిరాకరించాడు. తమిళ ప్రజలమీద సాగిన హింసకు తాను స్వాగతం చెప్పలేననటమే ఆ నిరాకరణకు అర్థం. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, మాకు జరిగిన మర్యాదలన్నిటికంటే ఆ నిరాకరణే నయమనిపిస్తుంది. ఎందుకంటే అందులో మేము ఏం చేసి వచ్చామన్న విచారణ వుంది. తప్పో ఒప్పో, ఆ యుద్ధం జరిగిందని ఒప్పుకోవటం వుంది.

తొమ్మిదేళ్లు గడిచాయి. 1999 వేసవిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. మన దేశంలో ఇళ్లల్లో కూర్చుని టెలివిజనులో చూసిన మొదటి యుద్ధం అది. 527 మంది సైనికులు పోయారు. ఆ ఏడే మా వూళ్లో నాకు మొదటి శాలువా కప్పారు. నేను అప్పటికి రెండేళ్ల కిందటే బయటికి వచ్చి, ఒక బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని కాపలా వుద్యోగం చేస్తున్నాను. కార్గిల్ నేను మ్యాపులో చూసిందే. ఆ మాట వేదికమీద చెప్పబోతే పక్కనున్న పెద్దమనిషి నా భుజం తట్టి, "మీ వినయం మాకు తెలుసు హవల్దారుగారూ" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను వెళ్లని యుద్ధానికి నన్ను పొగిడారు. నేను వెళ్లిన యుద్ధాన్ని గురించి ఆనాడూ ఎవరూ అడగలేదు, ఈనాడూ ఎవరూ అడగలేదు.

ఇదీ ధన్యవాదం చేసే మొదటి పని. అది ప్రశ్న వెయ్యదు, జవాబు వినదు. సైనికుడు ఎక్కడికి వెళ్లాడు, ఎవరు పంపారు, ఎందుకు పంపారు, అక్కడ ఏం చేశాడు, ఏం చూశాడు అన్నవాటిని గురించి వూరికి ఆసక్తి లేదు. ఎందుకు లేదో కూడా చెబుతాను. అడిగితే జవాబు వస్తుంది. జవాబు వస్తే పంపినవాళ్లమీద ప్రశ్న పుడుతుంది. సైనికుణ్ణి పొగడ్తతో నింపేస్తే ఆ ప్రశ్నకు చోటుండదు. ఆ ముసలామె బియ్యం కుండ సంగతి శాలువా కప్పుకున్న మనిషి ఎట్లా చెబుతాడు? దేనికి నాకు ధన్యవాదం? తమిళాన్ని హిందీలోకి మార్చినందుకా?

ధన్యవాదం చేసే రెండో పని, బాకీని దానంగా మార్చటం. ఇక్కడ సంగతులు లెక్కగానే చూద్దాం.

1942 ఏప్రిల్ 6న జపానువాళ్లు విశాఖపట్నంమీదా, కాకినాడమీదా బాంబులు వేశారు. ఆ రెండింటికీ నడుమ రైలు దారిలో వున్న మా తుని నుంచి జనం బండ్లు కట్టుకుని లోపలి పల్లెలకు పారిపోయారని మా పెద్దలు చెప్పేవారు. ఆ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు బ్రిటిషు సైన్యంలో చేరారు. మా చిన్నతాత వారిలో ఒకడు. తెల్లదొరమీద భక్తితో కాదు, కౌలు చేను పోయి, తిండి లేక చేరాడు. బర్మా దారుల్లో రాళ్లు కొట్టాడు. 1946లో ఒక కంబళీ, ఒక జత బూట్లు ఇచ్చి ఇంటికి పంపారు. పెన్షనుకు కావలసినన్ని ఏళ్లు సర్వీసు లేదు గనక పెన్షను లేదు. యుద్ధానికని తీసుకున్నవాణ్ణి యుద్ధం కాగానే పంపేసి, ఏళ్లు చాలలేదనటంలోని న్యాయమేమిటో ఆయన చచ్చిపోయేదాకా ఎవరూ చెప్పలేదు.

స్వతంత్రం వచ్చాక 1949లో డిసెంబరు 7ను పతాక దినంగా పెట్టారు. పిల్లలకు చిన్న కాగితపు జెండాలు అమ్మి, ఆ డబ్బు మాజీ సైనికుల సంక్షేమానికి వాడతారు. నేను ఆరో తరగతిలో పది పైసలిచ్చి ఆ జెండా కొని చొక్కాకు గుచ్చుకున్నాను. పిల్లలకు దయ నేర్పటం మంచిదే. కాని పన్నులు వేసే అధికారమూ, విమానాలు కొనే స్తోమతూ వున్న ప్రభుత్వం తన సొంత పనివాడి కుటుంబంకోసం బడిపిల్లల ముందు డబ్బా పట్టటం ఏమి నీతి? ఇరవై నాలుగేళ్ల తరువాత నేనే ఆ డబ్బావైపు చెయ్యి చాపవలసినవాణ్ణవుతానని ఆ పది పైసలిచ్చిన కుర్రవాడికి తెలియదు.

మా పక్క మండలం మిత్రుడొకడు ఫిరంగి దళంలో పద్దెనిమిదేళ్లు చేసి చెవుడుతో ఇంటికి వచ్చాడు. అంగవైకల్యపు పింఛను అడిగితే కాగితం వచ్చింది. ఈ లోపం సైనిక సేవవల్ల కలిగిందీ కాదు, సైనిక సేవవల్ల ముదిరిందీ కాదు అని అందులో రాశారు. ఇది ఆ ఒక్కడికి రాసిన వాక్యం కాదు. వేలమందికి అచ్చుగుద్దినట్లు రాసే వాక్యం. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చేర్చుకునేటప్పుడు ఆరోగ్యవంతుడని సైన్యమే రాసుకున్నది గనక, సర్వీసులో వచ్చిన జబ్బు సర్వీసువల్ల వచ్చినట్లే భావించాలి. కాదనదలిస్తే రుజువు చేయవలసిన భారం ప్రభుత్వానిదే. ఆ తీర్పు తరువాత కూడా ప్రభుత్వం కాలులేనివాడిమీదా, చెవిలేనివాడిమీదా అప్పీళ్లు వేస్తూనే వచ్చింది. అప్పీళ్లు తగ్గించుకొమ్మని 2015లో రక్షణ మంత్రి వేసిన నిపుణుల సంఘమే చెప్పవలసివచ్చింది. పాఠకులు గమనించాలి. వేదికమీద అతను చేసినదంతా దేశసేవే. కాగితంమీద అతని చెవుడు మాత్రం సేవవల్ల వచ్చింది కాదు!

భూమి సంగతి మరొకటి. మాజీ సైనికుడికి మెట్ట అయితే ఐదెకరాలు ఇచ్చే ఏర్పాటు మన రాష్ట్రంలో వుంది. నాకు కూడా ఒక కాగితం చేతికి వచ్చింది. మండలం దాటి, జీడిమామిడి తోటలు దాటి, కొండ అంచున ఆ సర్వే నెంబరు వెతుక్కుంటూ వెళితే, అక్కడ ఒక గిరిజన కుటుంబం మూడు తరాలుగా చోళ్లూ కందులూ వేసుకుంటున్నది. వాళ్ల దగ్గర కాగితం లేదు, నా దగ్గర వుంది. ఆ ఇంటి ముసలాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అతను నిలబడ్డ తీరు నాకు తెలుసు. ఆ ద్వీపంలో ఆ ముసలామె కూడా నేను లోపలికి వెళ్లినప్పుడు అట్లాగే లేచి నిలబడింది. ప్రభుత్వం నా బాకీని తన బొక్కసంలోంచి కాక ఇంకో పేదవాడి చేనులోంచి తీర్చదలచింది. నేను వెనక్కి వచ్చేశాను. కాగితం ఇంకా ట్రంకు పెట్టెలో శాలువాల కింద వుంది.

ఇక కొత్త తరం. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథం పథకం ప్రకారం పదిహేడున్నర ఏళ్లు నిండిన కుర్రవాళ్లను నాలుగేళ్లకు తీసుకుంటారు. గడువు ముగిశాక వందమందిలో 25 మందికి మించకుండా వుంచుకుని తక్కినవాళ్లను పంపేస్తారు. పెన్షను లేదు, గ్రాట్యుటీ లేదు. చేతికి సుమారు 11.71 లక్షల రూపాయలు వస్తాయి. అందులో సగం వాడి జీతంలోంచి నెలనెలా కోసిందే. ఆ మొత్తానికి పెట్టిన పేరు సేవానిధి. జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్లు ప్రాంతపు యువకుడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. సైన్యంలో చేరదామని ఏళ్లతరబడి తెల్లవారుజామున పరుగులు తీసిన కుర్రవాళ్లు వాళ్లు. 1946లో మా చిన్నతాతకు చెప్పిన జవాబే 2022లో వాళ్లకు ముందుగానే చెప్పారు. మధ్యలో పెరిగిందల్లా పొగడ్త.

ఇది మన ఒక్క దేశపు వ్యవహారం కాదు. 1854లో క్రిమియాలో లైట్ బ్రిగేడు గుర్రపు దళం అధికారుల తెలివితక్కువ ఆజ్ఞవల్ల ఫిరంగులకు ఎదురు నడిచింది. టెన్నిసన్ వెంటనే దానిమీద పద్యం రాశాడు. ఇంగ్లండులో బడిపిల్లలందరూ దాన్ని కంఠస్థం చేశారు. 1890 నాటికి ఆ దళంలో బతికి వున్న ముసలివాళ్లు తిండికి లేక అలమటిస్తున్నారు. సామ్రాజ్యవాదానికి భట్రాజు అయిన కిప్లింగే ఆ యేడు సిగ్గుపడి, ఆ ముసలివాళ్లు టెన్నిసన్ గుమ్మంలోకి వెళ్లినట్లు మరో పద్యం రాయవలసివచ్చింది. మొదటి పద్యం నేర్చుకున్న పిల్లల్లో ఎందరు రెండోదాన్ని నేర్చుకున్నారు?

అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధంనుంచి తిరిగివచ్చినవాళ్లకు 1924లో బోనసు పత్రాలిచ్చారు. 1945లో గాని డబ్బు రాదన్నారు. ఆర్థిక మాంద్యంలో ఆకలికి ఆగలేక 1932లో వేలమంది మాజీ సైనికులు భార్యాబిడ్డలతో వాషింగ్టను వెళ్లి గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. జులై 28న జనరల్ మెకార్థర్ టాంకులతో, బాష్పవాయువుతో వాళ్లను తరిమాడు. గుడిసెలు తగలబడ్డాయి. వీధిలో ఎదురుపడ్డ ప్రతి మాజీ సైనికుడికీ సేవకు కృతజ్ఞతలు చెప్పే ఆచారం ఈనాడు బాగా ముదిరిన దేశం కూడా అమెరికాయే. 1973లో అక్కడ నిర్బంధ సైనిక సేవ పోయింది. యుద్ధానికి వెళ్లేవాళ్లు తగ్గినకొద్దీ ధన్యవాదాలు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మాట వింటే తలదించుకుని తప్పుకునే మాజీ సైనికులు ఆ దేశంలోనూ వున్నారు.

మన ఢిల్లీ ఏం తక్కువ తిన్నది? ఒకే హోదాకు ఒకే పింఛను ఇవ్వాలని 2015 జూన్ 15న మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆగస్టు 14న, అంటే ఎర్రకోటమీద జవాన్లను పొగిడే వుపన్యాసానికి సరిగా ఒకరోజు ముందు, పోలీసులు ఆ ముసలివాళ్లను ఈడ్చారు. పతకాలు తగిలించుకున్న చొక్కాలు చిరిగాయి. సెప్టెంబరు 5న ప్రభుత్వం పింఛను ప్రకటించింది. బకాయిలకోసం మళ్లీ 2023లో కూడా సుప్రీంకోర్టు గడువులు పెట్టవలసివచ్చింది. ఆ పింఛను కూడా పొగడ్తవల్ల రాలేదు, కూర్చుని అడిగితే వచ్చింది. అడగటం నేర్చినవాడు ఒక్కరోజులో వీరుడి స్థానంనుంచి అల్లరిమూక స్థానానికి దిగిపోతాడని కూడా మేము ఆ ఆగస్టు 14న నేర్చుకున్నాం.

ఇంతకూ మాకు శాలువా కప్పేవారెవరు? మా వూరివరకు చెబుతాను. కళాశాలల యజమానులు, మిల్లుల యజమానులు, మామిడి కమిషను వ్యాపారులు, రాజకీయ నాయకులు. వాళ్ల పిల్లల్లో అమెరికాలో వున్నవాళ్లను లెక్కపెట్టవచ్చు, అగ్నివీరుల్లో వున్నవాళ్లను లెక్కపెట్టనవసరం లేదు. తెల్లవారుజామున తాండవ వంతెనమీద పరుగులు తీసే కుర్రవాళ్లు ఎవరి పిల్లలు? కౌలుదారులవి, హమాలీలవి, జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లవి. వాళ్లకు అదొక వుద్యోగం. నెల జీతమున్న, అన్నం గ్యారంటీ అయిన వుద్యోగం. మా చిన్నతాతకూ అంతే, నాకూ అంతే. దాన్ని సేవ అనటంలో ఒక మోసముంది. వుద్యోగానికి కూలి ఇవ్వాలి, సేవకు నమస్కారం చాలు.

నామీద రెండువైపులనుంచీ అభ్యంతరాలు వస్తాయని తెలుసు. దేశభక్తుడు అంటాడు: "కృతజ్ఞత తప్పా? ఒకప్పుడు మిమ్మల్ని పట్టించుకోలేదన్నావు, ఇప్పుడు పట్టించుకుంటే వద్దంటావు. ఏం చేస్తే నీకు తృప్తి?" నా జవాబు ఇది. కృతజ్ఞత అంటే చేసిందాన్ని తెలుసుకోవటం. మేము చేసిందేమిటో తెలుసుకోకుండా చెప్పేది కృతజ్ఞత కాదు, గొంతులోంచి వచ్చే శబ్దం. తెలుసుకోండి. తెలుసుకున్నాక మీకు నన్ను మెచ్చుకోవాలనిపిస్తే మెచ్చుకోండి, తిట్టాలనిపిస్తే తిట్టండి. రెంటికీ నేను నిలబడతాను.

మన అభ్యుదయ శిబిరంలోని మిత్రుడు అంటాడు: "సైన్యం రాజ్యయంత్రంలో భాగం. నువ్వు ఆ ముసలామె బియ్యం కుండ బోర్లించినవాడివి. నీ పింఛను గోడు మాకెందుకు?" ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది తప్పు. ఆ కుండ బోర్లించిన చెయ్యి ఒక హమాలీ కొడుకు చెయ్యి. ఆ చేతిని కిరాయికి తెచ్చుకున్నది ఎవరు, దాన్ని పేదవాడి ఇంటిమీదికే పంపింది ఎవరు, పని అయ్యాక దానిమీద శాలువా కప్పి దాచింది ఎవరు అన్నదే గదా మనం విప్పి చెప్పవలసిన సంగతి? దాన్ని లోపలినుంచి చూసి చెప్పగలిగిన సాక్షిని "నువ్వు ఆ పక్షం" అని గుమ్మంలోనే ఆపేస్తే లాభపడేదెవరు? సాక్షిని దేశభక్తుడు దండతో నోరు మూయిస్తాడు, మనం అనుమానంతో నోరు మూయిస్తాం. సాక్షికి రెండూ ఒకటే.

ఇది రచయితల పత్రిక గనక రచయితల బాకీ కూడా చెప్పి ముగిస్తాను. మన సంఘం 1943లో తెనాలిలో, ప్రపంచ యుద్ధం నడిమధ్య పుట్టింది. అంతకు ముందటి ఏడే మన తీరంమీద బాంబులు పడ్డాయి. లండనులో అభ్యుదయ రచయితల వుద్యమానికి పునాది వేసినవారిలో ఒకడైన ముల్క్ రాజ్ ఆనంద్, 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' నవలలో ఒక పంజాబీ రైతు కుర్రవాణ్ణి ఫ్రాన్సు కందకాల్లోకి పంపాడు. అక్కడితో వదలలేదు. 1942లో వచ్చిన 'ది స్వోర్డ్ అండ్ ది సికిల్' నవలలో అతన్ని తిరిగి ఇంటికి తీసుకువచ్చాడు. ఇల్లు చెదిరి, భూమి పోయి వున్న ఇంటికి తీసుకువచ్చి, రైతు పోరాటంలోకి నడిపించాడు. తెలుగులో మనం చేసిందేమిటి? మన కథల్లో మిలిటరీవాడు ఎక్కువగా మూడు రూపాల్లోనే కనిపిస్తాడు: నెలకొకసారి వచ్చే మనియార్డరు, సెలవుకు తెచ్చే రమ్ము సీసా, చావు కబురు తెచ్చే టెలిగ్రాము. 2015లో వచ్చిన 'కంచె' సినిమా కులం గోడలున్న వూరినీ, ప్రపంచ యుద్ధరంగాన్నీ పక్కపక్కన నిలబెట్టి ఒక మంచి పని చేసింది. కాని అందులో కూడా నాయకుడు యుద్ధంలోనే పోతాడు. చచ్చిపోయినవాడు మనకు సులువు. అతనికి పింఛను అక్కర్లేదు, అతను జవాబు చెప్పడు. తిరిగివచ్చి, బ్యాంకు గుమ్మంలో తుపాకీతో నిలబడి, రాత్రి నిద్రపట్టక లేచి కూర్చునే హవల్దారును గురించి రాసినవాళ్లు లేరని నేననను, చాలరంటాను.

సరిహద్దు జిల్లాల దాకా పోనవసరం లేదు. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం వుంది. ఇంటింటా సైన్యంలో చేరినవాళ్లుండటం చేత మిలిటరీ మాధవరమనే పేరు పడ్డ వూరు. అక్కడ స్తూపం వుంది. పత్రికలవాళ్లు ఏడాదికొకసారి వెళ్లి ఆ స్తూపాన్ని ఫొటో తీస్తారు. మన కథకులు వెళ్లి అరుగులమీద కూర్చుని, ఆ ఇళ్లలో ఆడవాళ్లను అడగాలి. పోయినవాళ్లను గురించి కాదు, వచ్చినవాళ్లను గురించి.

2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. పాతికవేలకు పైగా పేర్లు రాతిలో చెక్కారు. శ్రీలంకలో పోయినవాళ్ల పేర్లు కూడా అందులో వున్నాయి. వాళ్లకు కొలంబో పక్కన శ్రీలంక ప్రభుత్వం అంతకుముందే స్మారకం కట్టింది. మంచిదే. కాని ఆ యుద్ధానికి పంపినవాళ్లను ప్రశ్నించే వాక్యం ఏ రాతిమీదా లేదు. రాతిమీద చెక్కనిదాన్ని కాగితంమీద రాయటానికే గదా రచయిత వున్నది.

1990లో నేను ద్వీపంనుంచి వచ్చిన రాత్రి మా అమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆమెకు చదువు లేదు. దేశం అన్న మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు. చాలాసేపు నా మొహంలోకి చూసి అడిగింది: "ఒరే, అక్కడ ఏటి సేసేవోళ్లురా మీరు? ఎవుళ్లనైనా సంపేవా?" నేను లేదన్నాను. తరువాత ఆ ముసలామె సంగతీ, ఆ కుర్రవాడి సంగతీ అంతా చెప్పాను. విని ఆమె "ఆ అమ్మకి ఎంత కట్టం తెచ్చేర్రా" అంది. నన్ను పొగడలేదు. తిట్టలేదు. కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.

ఈ ముప్పై ఏళ్లపైబడిన కాలంలో నన్ను ఆ ప్రశ్న వేసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోయింది. వచ్చే ఆగస్టు 15కు మళ్లీ పిలుపు వస్తుంది. ఈసారి వేదిక ఎక్కితే శాలువా పక్కన పెట్టి, ఆ బియ్యం కుండ కథ మొదటినుంచి చెబుతాను. వందన సమర్పణకు ముందే చెబుతాను. విన్నాక పిల్లలు చప్పట్లు కొట్టకపోయినా ఫరవాలేదు. ఒక్క పిల్లవాడు లేచి "ఆ కుర్రాడేమయ్యాడండీ?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పంపినవాళ్ల దగ్గర వుండాలి. వాళ్లను అడగటం మనందరి పని.